చెరువు ఎలా బతుకుతుంది: మంచినీటి సరస్సుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో చెరువుల ఊసు ఆక్రమణల కూల్చివేతలప్పుడో, వరదలప్పుడో, చేపలు చచ్చి తేలినప్పుడో వస్తుంది. వీటి వెనక నీటిలో జరుగుతున్నదేమిటని అడిగేవారు తక్కువే గాని, అడిగేవారి ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చి జవాబులు రాశాను. పాఠ్యపుస్తకాల్లో కనిపించే సరస్సులు ఎక్కువగా చలిదేశాలవి కాబట్టి, ఆ సూత్రాలు దక్కను పీఠభూమి మీది చెరువుకు ఎంతవరకు అతుకుతాయో చెప్పడానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

చెరువు, కుంట, సరస్సు, జలాశయం: ఇవి ఒకటేనా, వేరువేరా?

వాడుకలో తేడా పరిమాణాన్ని బట్టీ, పుట్టుకను బట్టీ వస్తుంది. పల్లపు నేలలో దానంతటదే నీరు నిలిచి ఏర్పడినది సరస్సు. వాగుకు అడ్డంగా కట్ట పోసి, తూము, అలుగు పెట్టి, కింది ఆయకట్టుకు నీరందించడానికి మనుషులు కట్టుకున్నది చెరువు. అందులో చిన్నది కుంట. నదికి ఆనకట్ట కట్టి నీటిని నిలిపితే దాన్ని జలాశయం అంటున్నాం. జీవావరణ శాస్త్రం మాత్రం ఈ పేర్లను పెద్దగా పట్టించుకోదు. నిలిచిన నీరు ఎంత లోతు ఉంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఎక్కడినుంచి వస్తుంది, ఎటు పోతుంది అన్నవే దానికి ముఖ్యం. చిత్తడి నేలలపై కుదిరిన రామ్‌సర్ ఒప్పందం సరస్సుకూ చిన్న మడుగుకూ మధ్య 8 హెక్టార్లను హద్దుగా పెట్టుకుంది. అది లెక్కల సౌలభ్యం కోసం గీసుకున్న గీతే గాని, 8 హెక్టార్ల దగ్గర నీటి స్వభావం మారిపోతుందని కాదు. వెలుతురు అడుగుదాకా చేరుతుందా లేదా అన్నది అంతకంటే అర్థవంతమైన హద్దు అని నా అభిప్రాయం.

హైదరాబాదులో సహజంగా ఏర్పడిన సరస్సు ఒక్కటైనా ఉందా?

చెప్పుకోదగ్గ పరిమాణంలో ఒక్కటీ లేదు. ఈ నేల పాత గ్రానైటు రాయి. దాని మీద పడిన వాన వాగులై మూసీలోకి జారిపోతుంది తప్ప ఎక్కడా ఎక్కువకాలం నిలవదు. నిలిచిన నీరంతా కట్ట పుణ్యమే. హుస్సేన్ సాగర్‌ను ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో కట్టారు. దుర్గం చెరువు గోల్కొండ కోటకు నీరిచ్చిన చెరువు. మీర్ ఆలం చెరువు కట్టను పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో 21 అర్ధచంద్రాకారపు కమానులను పక్కపక్కన పేర్చి నిర్మించారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత, వరదను పైనే ఆపాలన్న ఆలోచనతో మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం రోజూ గండిపేట అని పిలిచేది ఉస్మాన్ సాగర్‌నే.

మనిషి కట్టినది కాబట్టి చెరువు జీవావరణ వ్యవస్థ కాదనుకోవడం పొరపాటు. పదేళ్ల వయసున్న కుంటలో కూడా నాచు, నత్తలు, చేపలు, కొంగలు తమ లెక్కలు తాము కుదుర్చుకుంటాయి. నాలుగు శతాబ్దాలు దాటిన చెరువు సంగతి చెప్పనక్కర్లేదు.

శాస్త్రజ్ఞులు సరస్సులను ఏ ప్రాతిపదికన వర్గీకరిస్తారు?

ఒకే ఒక్క వర్గీకరణ లేదు. పుట్టుకను బట్టి ఒకటి, నీరు కలిసే తీరును బట్టి ఒకటి, పోషకాలను బట్టి ఒకటి, లవణీయతను బట్టి మరొకటి ఉన్నాయి. ఒకే సరస్సుకు నాలుగు చిరునామాలు ఉన్నట్టు అనుకోవచ్చు.

పుట్టుకను బట్టి చేసిన వర్గీకరణల్లో జార్జి ఎవెలిన్ హచిన్సన్ 1957లో ప్రచురించినది ప్రసిద్ధం. ఆయన సరస్సులను 11 వర్గాల కింద 76 రకాలుగా విడదీశాడు. హిమానీనదాలు తవ్విన గుంతలు, భూమి పొరలు విరిగి కుంగినచోట ఏర్పడినవి, అగ్నిపర్వత బిలాలు, నది వంపు తెగిపోయి విడిగా మిగిలినవి, ఇలా సాగుతుంది ఆ జాబితా. సైబీరియాలోని బైకాల్ భూమి చీలికలో ఏర్పడినది. 1,642 మీటర్ల లోతుతో ప్రపంచంలోకెల్లా లోతైనది. మహారాష్ట్రలోని లోణార్ ఉల్క పడిన గుంత. మనుషులు కట్టిన చెరువులనూ, బీవర్ అనే జంతువు కొమ్మలతో వాగుకు కట్టే అడ్డుకట్టల వెనక నిలిచిన నీటినీ హచిన్సన్ ఒకే వర్గంలో పెట్టాడు: ఉన్నత జీవుల సంక్లిష్ట ప్రవర్తన వల్ల ఏర్పడినవని. కాకతీయులు కట్టించిన పాకాల చెరువుకూ, బీవర్ పనితనానికీ ఒకే గడిలో చోటు దొరకడం నాకు చదివిన ప్రతిసారీ సరదాగా అనిపిస్తుంది.

సరస్సుల అధ్యయనాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టినవాడు స్విట్జర్లాండుకు చెందిన ఫ్రాంస్వా ఆల్ఫాన్స్ ఫొరెల్. పంతొమ్మిదో శతాబ్దం చివరలో ఆయన జెనీవా సరస్సు మీద చేసిన పరిశోధన నుంచే లిమ్నాలజీ, అంటే సరోవర శాస్త్రం మొదలైందని చెబుతారు.

మంచినీటి సరస్సు అంటే అందులోని నీరు తాగవచ్చనేనా?

కాదు. ఇక్కడ మంచినీరు అంటే ఉప్పునీరు కానిది అని మాత్రమే అర్థం. లీటరుకు అర గ్రాము కంటే తక్కువ లవణాలుంటే మంచినీరుగా లెక్కించడం సాధారణ పద్ధతి. ఆ లెక్కన మురుగు నిండిన నగర చెరువు కూడా మంచినీటి వర్గంలోకే రావచ్చు.

సరస్సులో నీరు పొరలుగా విడిపోతుందంటారు. మన చెరువుల్లో కూడా అలా జరుగుతుందా?

జరుగుతుంది, కాని పుస్తకంలో బొమ్మ వేసినట్టు కాదు. నీరు దాదాపు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యంత బరువుగా ఉంటుంది. చలిదేశపు లోతైన సరస్సులో వేసవి ఎండకు పైనీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది. అడుగున చల్లని నీరు ఉంటుంది. రెండింటి మధ్య ఉష్ణోగ్రత చటుక్కున పడిపోయే పలుచని పొర ఒకటి ఉంటుంది. ఎండ తగ్గాక పైనీరు చల్లబడి దిగడంతో సరస్సంతా ఒకసారి కలుస్తుంది. మంచు కరిగాక వసంతంలో మళ్లీ కలుస్తుంది. ఏడాదికి ఇలా రెండుసార్లు కలిసేదాన్ని డైమిక్టిక్ అనీ, ఒక్కసారే కలిసేదాన్ని మోనోమిక్టిక్ అనీ, మాటిమాటికీ కలిసేదాన్ని పాలీమిక్టిక్ అనీ అంటారు. అడుగునీరు ఎన్నడూ పైకి రాని మెరోమిక్టిక్ సరస్సులు కూడా ఉన్నాయి. కామెరూన్‌లోని న్యోస్ అలాంటిదే. దాని అడుగున పోగైన కార్బన్ డయాక్సైడు 1986 ఆగస్టులో ఒక్కసారిగా బయటికి పొంగి 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది.

మన చెరువులు చాలావరకు లోతులేనివి. పగలు ఎండకు పైన ఒక గోరువెచ్చని పొర ఏర్పడుతుంది. రాత్రి అది చల్లబడి, గాలికి తోడై, తెల్లారేసరికి చెరువంతా కలిసిపోతుంది. కాబట్టి వీటిని పాలీమిక్టిక్ అనడం సబబు. అయితే వెచ్చని నీటికి ఒక గుణం ఉంది. 29 నుంచి 30 డిగ్రీలకు పెరిగినప్పుడు నీటి సాంద్రతలో వచ్చే తేడా, 4 నుంచి 5 డిగ్రీలకు పెరిగినప్పుడు వచ్చే తేడాకు 30 రెట్లకు పైగా ఉంటుంది. అందువల్ల పైకీ కిందికీ రెండు డిగ్రీలే వ్యత్యాసం ఉన్నా, ఎండాకాలం మధ్యాహ్నం ఆ రెండు పొరలు గట్టిగానే విడివడి ఉంటాయి. కట్ట దగ్గర లోతున్న పెద్ద జలాశయాల్లో ఈ విడిపోవడం రోజులు, వారాలు కూడా సాగవచ్చు. ఆ కాలమంతా అడుగునీటికి గాలితో సంబంధం తెగిపోతుంది. ఈ చిన్న సంగతిని గుర్తుపెట్టుకుంటే చేపల చావుల గురించిన ప్రశ్న సగం విడిపోతుంది.

పోషకాలను బట్టి చెరువు ఏ తరగతిలో ఉందో ఎలా తెలుస్తుంది?

నీటిలో భాస్వరం, నత్రజని ఎంత ఉన్నాయి, వాటివల్ల నాచు ఎంత పెరిగింది, ఆ నాచు వల్ల నీరు ఎంత మసకబారింది అన్న మూడు మెట్లనూ కొలుస్తారు. పోషకాలు తక్కువై నీరు తేటగా ఉంటే ఆలిగోట్రాఫిక్, మధ్యస్థంగా ఉంటే మీసోట్రాఫిక్, పోషకాలు ఎక్కువై నాచు దట్టంగా ఉంటే యూట్రోఫిక్, హద్దు దాటిపోతే హైపర్ యూట్రోఫిక్ అంటారు. తెలుగులో పేదది, మధ్యరకం, సంపన్నం అని చెప్పుకోవచ్చు గాని, ఇక్కడ సంపన్నత రోగమే కాబట్టి ఆ అనువాదం నాకు అంతగా నచ్చదు.

అన్నిటికంటే సులువైన కొలత సెక్కీ పళ్లెం. ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కీ 1865లో సముద్రపు నీటి తేటదనాన్ని కొలవడానికి తెల్లని పళ్లెం వాడాడు. నేడు సరస్సుల్లో వాడేది దాన్ని కాస్త మార్చి చేసుకున్నదే: 20 సెంటీమీటర్ల వ్యాసం, నాలుగు భాగాలు చేసి ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు. తాడు కట్టి నీటిలోకి దించుతూ, కంటికి కనిపించకుండా పోయిన లోతును రాసుకోవడమే. 1977లో రాబర్ట్ కార్ల్‌సన్ ఈ లోతును ఒక సూచికగా మార్చాడు: పళ్లెం 2 మీటర్ల దాకా కనిపిస్తే సూచిక 50, ఒక మీటరైతే 60, అర మీటరైతే 70. లోతు సగమైన ప్రతిసారీ సూచిక పది పెరుగుతుంది. 40 లోపు తేటనీరు, 50 దాటితే యూట్రోఫిక్, 70 దాటితే హైపర్ యూట్రోఫిక్.

మా ఇంటికి దగ్గరలోని ఒక చెరువులో నేను పాత స్టీలు పళ్లేనికి నడుమ బెజ్జం పెట్టి, పది సెంటీమీటర్లకొక ముడి వేసిన నైలాను తాడు కట్టి దించి చూశాను. మూడో ముడి తడవకముందే పళ్లెం మాయమైంది. పైకి లాగితే అంచున ఆకుపచ్చని నూకలాంటి పదార్థం అంటుకుని ఉంది. వేలితో రాస్తే రంగులా పూసుకుంది. నవంబరు నెల కాబట్టి అది వాన తెచ్చిన బురద కాదు. జూలై, ఆగస్టుల్లో ఇదే కొలత తీస్తే మాత్రం మోసపోతాం. ఎర్రమట్టి నీటికి కూడా పళ్లెం కనిపించదు, అప్పుడు కార్ల్‌సన్ సూచికకు అర్థం ఉండదు.

చెరువులో ఎవరెవరు ఎక్కడ బతుకుతారు?

ఇంటర్‌లో జంతుశాస్త్రం చదివినవారికి వేలాంచల, లిమ్నెటిక్, ప్రొఫండల్ మండలాలు గుర్తుండే ఉంటాయి. ఒడ్డున వెలుతురు అడుగుదాకా తాకే చోటు వేలాంచల మండలం. నడిమధ్య, వెలుతురు పడినంత లోతు లిమ్నెటిక్. దాని కింద చీకటి నీరు ప్రొఫండల్. ఉపరితలం మీది వెలుతురులో ఒక శాతం మాత్రమే మిగిలే లోతును వెలుతురు పొరకు హద్దుగా లెక్కిస్తారు.

మన చెరువుకు ఒడ్డు ఒకే తీరుగా ఉండదు. కట్టవైపు రాయి పేర్చి ఏటవాలుగా, లోతుగా ఉంటుంది. ఎదుటివైపు, వాగు వచ్చి కలిసేచోట, నేల మెల్లగా వాలుతూ అర కిలోమీటరు దాకా మోకాలి లోతు నీళ్లే ఉండవచ్చు. ఆ శిఖం భూమే చెరువుకు గుండెకాయ. తుంగ, జమ్ము, కలువలు, తామరలు పెరిగేది అక్కడే. వాటి కాండాల మీద సన్నని జిగురు నాచు, ఆ నాచును గీరుకుని తినే నత్తలు, ఆకుల చాటున చేపపిల్లలు, వాటికోసం ఒంటికాలి మీద నిలబడే కొంగలు, చలికాలంలో వచ్చే ఉల్లంకి పిట్టలు, అన్నీ ఆ పల్చని నీటిలోనే. వాగు తెచ్చిన మట్టినీ, పోషకాలనూ మొదట పట్టి ఆపేది కూడా ఆ తుంగ, జమ్ము మొక్కలే. నగరంలో ముందుగా పూడ్చి ప్లాట్లు వేసేది కూడా సరిగ్గా ఆ చోటునే, ఎందుకంటే ఏడాదిలో ఆరు నెలలు అది ఎండినేలలా కనిపిస్తుంది. మిగిలిన లోతు నీటిని చూసి చెరువు ఇంకా ఉందనుకుంటాం. ఉన్నది సగం చెరువే.

ఎవరిని ఎవరు తింటారు? పెద్ద చేపలు ఎక్కువగా వదిలితే చెరువు శుభ్రపడుతుందా?

మొదటి మెట్టు వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మమైన నాచు. దాన్ని వడగట్టి తినేవి డాఫ్నియా వంటి జంతు ప్లవకాలు. వాటిని చిన్న చేపలు, చిన్నవాటిని కొర్రమీను వంటి వేటచేపలు, వాటిని నీటికాకులు, మనుషులు తింటారు. అడుగున మరో వంటశాల నడుస్తుంది: పైనుంచి రాలిన చచ్చిన పదార్థాన్ని బాక్టీరియా, పురుగులు విడగొడతాయి. మెట్టు మెట్టుకూ శక్తిలో స్థూలంగా పదో వంతే పైకి చేరుతుందన్న ఆలోచనకు పునాది వేసినది రేమండ్ లిండెమన్ 1942లో ప్రచురించిన పరిశోధన. అది అమెరికాలోని ఒక చిన్న బురద సరస్సు మీద చేసినది.

ఇక చేపల సంగతి. బొచ్చె పైనీటిలో జంతు ప్లవకాలను ఎక్కువగా తింటుంది, శీలావతి నడిమి నీటిలో, మృగాల అడుగున మేస్తాయి. బొచ్చె పిల్లల్ని లక్షల్లో వదిలితే నాచును తినే డాఫ్నియాలు తగ్గిపోయి, నాచు ఇంకా పెరిగే వీలుంది. అడుగు బురదను కెలికే చేపలు పోషకాలను మళ్లీ నీటిలోకి లేపుతాయి. చేపల పెంపకం మత్స్యకారుల జీవనాధారం, దానికి దాని విలువ ఉంది. కాని దాన్ని చెరువు శుద్ధి అని పిలవకూడదు.

నీరు అంత ఆకుపచ్చగా ఎందుకు మారుతుంది?

భాస్వరం వల్ల, క్లుప్తంగా చెప్పాలంటే. కెనడాలోని ఆంటారియోలో 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం ఒక చిన్న సరస్సును ప్లాస్టిక్ తెరతో రెండుగా చీల్చింది. రెండు సగాలకూ నత్రజని, కర్బనం ఇచ్చారు. ఒక సగానికి అదనంగా భాస్వరం ఇచ్చారు. భాస్వరం పడిన సగం పచ్చబడింది, రెండోది తేటగానే ఉంది. నీలి ఆకుపచ్చ నాచు అని పిలిచే సయనోబాక్టీరియాల్లో కొన్ని గాలిలోని నత్రజనిని వాడుకోగలవు, కాని గాలిలోంచి భాస్వరాన్ని తెచ్చుకోగల జీవి ఏదీ లేదు.

నగర చెరువుకు భాస్వరం మలమూత్రాల నుంచీ, సబ్బు పొడుల నుంచీ వస్తుంది. హుస్సేన్ సాగర్‌లోకి దిగే కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఒకప్పుడు వాననీటి దారులే. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. సాధారణ మురుగుశుద్ధి కేంద్రం కుళ్లే పదార్థాన్ని బాగా తగ్గిస్తుంది గాని, భాస్వరాన్నీ నత్రజనినీ ప్రత్యేక దశలు పెడితే తప్ప పూర్తిగా తీయలేదు. వాసన లేని, తేటగా కనిపించే శుద్ధి చేసిన నీరు కూడా నాచుకు ఎరువే. ఆ పచ్చదనం మైక్రోసిస్టిస్ వంటి సయనోబాక్టీరియా వల్ల వచ్చినదైతే, అందులో కాలేయానికి హాని చేసే విషాలు ఉండవచ్చు కాబట్టి పశువులను ఆ నీటికి తోలకూడదు.

చేపలు తెల్లవారేసరికి గుంపులుగా ఎందుకు చచ్చి తేలుతాయి? ఎవరైనా విషం కలిపారా?

కొన్నిసార్లు రసాయనాలు కలవడం నిజమే. ఎక్కువసార్లు మాత్రం చేపలు ఊపిరాడక చనిపోతాయి. నీటిలో కరిగే ఆక్సిజన్ చాలా తక్కువ: 0 డిగ్రీల వద్ద లీటరుకు దాదాపు 14.6 మిల్లీగ్రాములు పట్టే నీరు, 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే పడుతుంది. అంటే మన చెరువు చేప పుట్టుకతోనే సగం జీతంతో కాపురం చేస్తోంది. పచ్చని చెరువులో పగలు నాచు కిరణజన్య సంయోగక్రియ జరుపుతూ ఆక్సిజన్‌ను ఆ హద్దుకు రెట్టింపు దాకా కూడా నింపగలదు. పొద్దు గుంకాక అదే నాచు, బాక్టీరియా, చేపలు అన్నీ కలిసి రాత్రంతా ఆ ఆక్సిజన్‌ను వాడేస్తాయి. తెల్లవారుజాముకు నిల్వ అట్టడుగుకు చేరుతుంది. ఆ వేళ కట్ట మీద నిలబడితే, నీటి మీద వాన పడుతున్నట్టు చిన్నచిన్న వలయాలు కనిపిస్తాయి. అవి మూతులు పైకెత్తి గుటకలు వేస్తున్న చేపలు.

ఈ రోజువారీ గండం రెండు సందర్భాల్లో చావుగా మారుతుంది. ఒకటి, వరుసగా మబ్బు పట్టిన రోజులు: పగటి సంపాదన లేదు, రాత్రి ఖర్చు తగ్గదు. రెండు, ఎండాకాలం చివర పడే మొదటి పెద్ద వాన: అది వీధుల చెత్తనూ నాలాల్లో పేరుకున్న మురుగునూ ఒక్కసారిగా మోసుకొస్తుంది, అదే సమయంలో చల్లని వాననీరు, గాలి కలిసి, ఆక్సిజన్ లేని అడుగునీటిని పైకి కలిపేస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది అడుగు బురదలోని హైడ్రోజన్ సల్ఫైడు బయటపడిందని గుర్తు. సాధారణంగా ఆక్సిజన్ కొరతలో పెద్ద చేపలు ముందు పోతాయి, విషమైతే చిన్నా పెద్దా కలిసి పోతాయి. బొచ్చె, శీలావతి తేలి, కొర్రమీను, మార్పు అనే చేప బతికి ఉంటే అనుమానం ఆక్సిజన్ మీదికే పోవాలి, ఎందుకంటే ఆ రెండూ గాలిని నేరుగా పీల్చుకోగలవు.

మధ్యాహ్నం రెండింటికి నమూనా తీసి, ఆక్సిజన్ బాగానే ఉందని రాసిన నివేదికలను నేను చూశాను. అబద్ధం కాదు, కాని ఆ చెరువు గురించి ఆ అంకె చెప్పేది ఏమీ లేదు.

గుర్రపుడెక్క నీటిని శుద్ధి చేస్తుందంటారు. మరి తీసేయడం ఎందుకు?

పోషకాలను పీల్చుకుంటుందన్నది నిజమే. తీసి ఒడ్డుకు, ఒడ్డునుంచి దూరానికి తరలిస్తేనే ఆ మేలు దక్కుతుంది. అక్కడే చచ్చి కుళ్లితే పీల్చినదంతా తిరిగి నీటికే ఇస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క అనుకూల పరిస్థితుల్లో రెండు వారాల్లో రెట్టింపవుతుంది. నీటిమీద చాప పరచినట్టు కప్పేసి వెలుతురునూ గాలినీ ఆపుతుంది. మాన్సోనియా జాతి దోమ పిల్లలు దీని వేళ్లకు గొట్టం గుచ్చి ఊపిరి పీల్చుకుంటాయి, కాబట్టి పైనుంచి మందు చల్లినా వాటికి సరిగా తగలదు. మొక్క బరువులో 90 శాతానికి పైగా నీరే, తీసేవారి నడుము విరిగేది అందుకే.

వేసవిలో ఎండిపోయిన చెరువు చచ్చిపోయినట్టేనా?

అన్ని ప్రశ్నల్లోకీ నాకు ఇదే ముఖ్యమైనది. ఈ ప్రాంతంలో చెరువు అంటేనే నిండి, తగ్గి, మళ్లీ నిండేది. ఏడాదిలో పడే దాదాపు 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్, అక్టోబరు మధ్యే పడుతుంది. నిండి మత్తడి, అంటే అలుగు, దుంకుతుంది. ఆ తరువాత నీళ్లు పంచే నీరటి తూము ఎత్తి పొలాలకు నీరు వదులుతూ ఉంటే, మే నాటికి నడిగుంటలో కాసిన్ని నీళ్లు మిగులుతాయి.

ఆ తగ్గడంలో చెరువుకు మూడు మేళ్లు జరిగేవి. తూము అడుగున ఉంటుంది కాబట్టి పోషకాలు ఎక్కువున్న నీరే ముందు బయటికి, పొలానికి పోయేది. బయటపడిన ఒండ్రుమట్టిని రైతులు బండ్లతో తోలుకుపోయి చేలల్లో వేసుకునేవారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతలో మళ్లీ ప్రోత్సహించినది ఈ పాత అలవాటునే. ఎండిన అడుగున గాలి తగిలి కుళ్లు విరిగిపోయేది, గడ్డి మొలిచేది, పశువులు మేసేవి. జీవులు కూడా దానికి తగ్గట్టే ఉన్నాయి: డాఫ్నియా గట్టి పెంకు గుడ్లు పెట్టి బురదలో వదులుతుంది, నత్త మూత బిగించుకుని మట్టిలో నిద్రపోతుంది, కొర్రమీను తడి బురదలో కొంతకాలం ఓర్చుకుంటుంది. మొదటి వానకు అన్నీ లేస్తాయి.

నేటి నగర చెరువుకు ఆయకట్టు లేదు, ఆ పొలాలన్నీ కాలనీలయ్యాయి, తూము మూసుకుపోయింది, మురుగు ఏడాది పొడుగునా వస్తుంది కాబట్టి మేలో కూడా నిండుగా ఉంటుంది. చూడ్డానికి కళగా ఉంటుంది. వచ్చిన భాస్వరానికి పోయే దారి మాత్రం లేదు. మేలో నెర్రెలిచ్చిన పల్లెటూరి చెరువు, మేలో అంచుదాకా నిండిన నగర చెరువు పక్కపక్కన పెడితే, ఆరోగ్యంగా ఉన్నది మొదటిదేనని నేను నిస్సంకోచంగా చెబుతాను.

మురుగు ఆపేశాక కూడా కొన్ని చెరువులు ఎందుకు బాగుపడవు?

అడుగు బురద బాకీ దాచుకుని ఉంటుంది కాబట్టి. ఆక్సిజన్ ఉన్నంతసేపు బురదలోని ఇనుము భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ అయిపోతే ఆ పట్టు వదిలి భాస్వరం నీటిలోకి వస్తుంది. అది నాచును పెంచుతుంది, నాచు చచ్చి కుళ్లి మళ్లీ ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఈ చక్రం ఏళ్ల తరబడి తిరగగలదు. దీనికి తోడు, లోతులేని చెరువుకు రెండు నిలకడ స్థితులు ఉంటాయి: నీటిమొక్కలతో తేటగా ఉండటం ఒకటి, నాచుతో మసకగా ఉండటం రెండోది. మసక ముదిరితే వెలుతురు లేక మొక్కలు మొలవవు. మొక్కలు లేకపోతే బురద కదులుతూనే ఉంటుంది. మురుగు తగ్గించినంత మాత్రాన వెనక్కి దొర్లదు. పూడిక తీయడం, కొన్నాళ్లు ఎండనివ్వడం, ఒడ్డు మొక్కలను మళ్లీ నాటడం వంటివి కలిసిరావాలి.

ఫౌంటెన్లు, నడకదారులు, లైట్లు పెడితే చెరువు బాగుపడినట్టేనా?

ఫౌంటెన్ చుట్టుపక్కల కొంత ఆక్సిజన్ పెరుగుతుంది, అంతే. ఒడ్డు చుట్టూ నిలువుగా రాతిగోడ కట్టి దానిమీద నడకదారి వేస్తే వేలాంచల మండలం మొత్తం పోతుంది. నడవడానికి దారి కావాలి, కాదనను. దాన్ని కట్టవైపు వేసి, శిఖంవైపు వదిలేస్తే చాలు.

ఎఫ్.టి.ఎల్., బఫర్ జోన్ అంటే ఏమిటి? అవి చట్టపు మాటలేనా?

ఎఫ్.టి.ఎల్. (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటే అలుగు పారే క్షణాన నీరు పరుచుకునే అంచు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ అంచు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. ఆ ఖాళీ చోటే బఫర్ జోన్. జీవావరణం దృష్టితో చూస్తే ఎఫ్.టి.ఎల్. అన్నది పైన చెప్పిన నిండి తగ్గే చెరువుకు ఉన్న చోటు. గొలుసుకట్టులో ఒక చెరువు అలుగు నీరు కింది చెరువుకు పోవాలి; మధ్యలో కాలువ మూసుకుపోతే ఏమవుతుందో 2020 అక్టోబరు వానల్లో నగరం చూసింది.

ఒక చిక్కు కూడా చెప్పాలి. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నియమాలు, సాగునీటి కోసం, తాగునీటి కోసం ప్రత్యేకంగా మనుషులు కట్టిన నీటి వనరులను తమ నిర్వచనం నుంచి మినహాయించాయి. దక్కనులో చెరువులు చాలావరకు ఆ అవసరాలకే కట్టినవి. ఆయకట్టు ఏనాడో పోయి, నాలుగు వందల ఏళ్లుగా పక్షులకూ చేపలకూ ఇల్లయిన చెరువును ఇంకా సాగునీటి కట్టడంగానే చూడటం నాకు సరిగా తోచదు.

కొల్లేరు కూడా మన చెరువుల్లాంటిదేనా?

కాదు. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో సహజంగా ఏర్పడిన మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటివి నీరు తెస్తే, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. దానికి కట్ట లేదు, అలుగు లేదు; వరదకు పరుచుకుని, ఎండకు ముడుచుకుంటుంది. మంచినీరు తగ్గితే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎదురెక్కడం దానికున్న ప్రత్యేకమైన ఇబ్బంది. నిండి తగ్గే గుణంలో మాత్రం అది మన చెరువులకు చుట్టమే.

మా కాలనీ చెరువును నేనే గమనించాలంటే ఏం చేయాలి?

ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. నెలకు రెండుసార్లు ఒకే చోట నిలబడి సెక్కీ పళ్లెం దించండి. ఒక గాజు సీసాలో నీరు పట్టి కదపకుండా గంటసేపు ఉంచండి: ఆకుపచ్చనిది పైకి తేలితే సయనోబాక్టీరియా అని అనుమానించవచ్చు, మట్టి అడుగుకు దిగితే అది బురదనీరు. ఒడ్డు బురదను కర్రతో కెలికి రంగు, వాసన చూడండి; నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వస్తే అక్కడ ఆక్సిజన్ లేదు. ఎర్రని సన్నపురుగులు గుంపులుగా కనిపిస్తే అవి తక్కువ ఆక్సిజన్‌లో బతకగల కైరోనోమస్ పిల్లలు. వాటి ఎరుపు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వంటి పదార్థం వల్ల వచ్చినదే. తూము తెరుచుకుంటుందా, అలుగు నీరు ఎటు పోతోంది, నాలా నీరు ఎండాకాలంలో కూడా వస్తోందా అన్నవి రాసుకోండి. చేయి నీటిలో పెట్టాల్సివస్తే చేతితొడుగు వేసుకోండి. వీలైతే నెలకొక్కసారైనా ఉదయం ఐదున్నరకు వెళ్లండి, ప్రతి కొలత పక్కనా తేదీతో పాటు గంట కూడా రాయండి.